లారీ మొరాయించిన చోట పడ్డ నీళ్లు

డిప్లొమా చేతికొచ్చిన ఆ కొత్తల్లో నీతి కూడా కరెంటు లెక్కల్లోని ఓమ్ సూత్రంలాంటిదే అనుకునేవాణ్ణి: విలువలు సరిగ్గా వేస్తే జవాబు ఒకటే వస్తుంది. మదనపల్లెలో బోర్లు వేసే ఒక చిన్న కంపెనీలో, భూమిలోకి కరెంటు పంపి నీళ్ల జాడ కనిపెట్టే మిషన్‌తో నా ఉద్యోగం. తంబళ్లపల్లె వైపు ఒక రైతు చేనులో పొద్దున్నంతా తీగలు లాగి, లెక్కలు కట్టి, బోరు వేయాల్సిన చోటుకు గుర్తుగా ఈశాన్యం మూల మేకు కొట్టాను. బోరు లారీ అంతదూరం పోలేదు. చేని గట్టు ఎక్కలేక మొరాయించింది. "ఈడనే దించేద్దాం సార్, భూమంతా ఒకటే" అంటూ డ్రైవరన్న, నేను వద్దు వద్దంటుండగానే, అక్కడే బోరు దింపాడు. సాయంత్రానికి నీళ్లు తాటిచెట్టెత్తు ఎగిశాయి!

నీళ్లు చూపినవాడికి తాంబూలంలో డబ్బు పెట్టివ్వడం ఆ వైపు ఆచారం. వాడు పుచ్చుకోకపోతే గంగమ్మ అలిగి బోరు ఎండుతుందని నమ్మకం. రైతు పళ్లెం తెచ్చాడు: ఆకులు, వక్కలు, పంచె, పైన వందనోటు (ఆ నోటును అంత దగ్గరగా నేను చూసేది జీతం రోజునే).

"ఇది నా చోటు కాదు పెద్దాయనా. నా మేకు ఆడ ఉండాది," అన్నాను.

"నీళ్లు ఈడ పడినాయి గదప్పా! మేకు యాడుంటే మాకేమి?"

"అయితే డ్రైవరన్నకియ్యి."

డ్రైవరన్న వెనక్కి జరిగాడు. "నాకొద్దు సామీ! రేపు ఎండిపోతే తాంబూలం తీసుకున్నోణ్ణే పట్టుకుంటారు."

రైతు భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "ముందేసిన బోర్లన్నీ ఎండిపోయినాయప్పా, ఇదే కడాది, ఇంకోటి ఏసే శక్తి ల్యా. నీ నీతి నీకుంటే సాలా, మా నీళ్లు మాకుండొద్దా?"

అంతే, నా బుర్ర కారణాలు పేర్చడం మొదలుపెట్టింది. ఒకటి, ఆచారాన్ని గౌరవించాలి. రెండు, ఇక్కడ కొలిచినా మిషన్ నీళ్లున్నాయనే చెప్పేదేమో (కొలవలేదనుకోండి). మూడు, గంగమ్మతో వాదించే అర్హత డిప్లొమాకు లేదు. వందనోటును మాత్రం కారణాల్లో చేర్చలేదు. పళ్లెం అందుకున్నాను. ఆమె ముఖం తేటపడింది. నా ముఖం ఎవరూ చూడలేదు, అదృష్టం.

డ్రైవరన్న పుణ్యమా అని కథ పుంగనూరు మీదుగా కుప్పం దాకా పాకింది. తర్వాత సదుం దగ్గర నేను మిషన్ పెట్టె విప్పబోతుంటే, ఒక రైతు ముందే తాంబూలం పట్టుకొచ్చి, "అది పక్కన పెట్టప్పా. లారీ యాడ మొరాయిస్తాదో అది సూపిచ్చు, సాలు," అన్నాడు. ఈసారి నా చెయ్యి ఆలోచించకుండానే ముందుకు సాగింది.

ఇప్పటికీ ఎవరైనా తాంబూలమిస్తే ఏ తడబాటూ లేకుండా పుచ్చుకుంటాను. అందుకే తంబళ్లపల్లె చేనులో తడబడుతూ నిలబడ్డ ఆ కుర్రవాడంటే నాకు కాస్త గౌరవం. వాడికింకా కారణాలు కావలసి వచ్చేవి.