వెలుతురు చూసుకోవడానికి తీసిన ముక్క

ఆ సినిమా చివర ఖాళీ మగ్గం బొమ్మ పెట్టింది నేను. ఈ మాట చెప్పవలసిన రోజున, చెప్పవలసిన మనుషుల ముందు చెప్పలేదు. తర్వాత చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తుకొచ్చి లేచి వెళ్లిపోయాను. పోయిన ఏడు మా కాలేజీ పాత విద్యార్థుల సభలో ఒక కుర్ర ఉపన్యాసకుడు మాట్లాడుతూ, యుద్ధకాలంలో ఇద్దరు విద్యార్థులు తీసిన ఆ చిన్న సినిమాలో ఒక్క అబద్ధపు బొమ్మ కూడా లేదన్నాడు. దాని చివరి దృశ్యం తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుందన్నాడు. అతను ఆ సినిమా చూడలేదు, విన్నాడంతే. అందరూ చప్పట్లు కొట్టారు. నా మెడలో దండ వేశారు. దండ తీసి పక్కన పెట్టి నిజం చెప్పవలసినవాణ్ణి, టీ తాగి ఇంటికొచ్చాను. ఇక ఆ దండ బరువు మోయడం నా వల్ల కాలేదు.

మేమిద్దరం హైదరాబాదులో చదువుకునేవాళ్లం. మాది హుజూర్‌నగర్ దగ్గర ఒక పల్లె, వ్యవసాయం. నా మిత్రుడిది మహబూబ్‌నగర్. అతని మామ ఒకాయన బొంబాయిలో వ్యాపారం చేసేవాడు. చావి తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా కొని, దానితో తన పెళ్లి సగం దాకా తీసి, విసుగు పుట్టి మేనల్లుడికి ఇచ్చేశాడు. వాడకుండా మిగిలిన ఫిల్ము చుట్టలు కూడా ఇచ్చాడు. ఫిల్ము దొరకడమే కష్టమైన రోజుల్లో అది మాకు నిధి దొరికినట్టయింది. నిధి దొరికాక లోకాన్ని బాగుచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అనిపించింది.

అప్పట్లో టాకీసులో అసలు సినిమాకు ముందు ఒక చిన్న సర్కారీ సినిమా వేసేవారు. దాన్ని డాక్యుమెంటరీ అనేవారు. అందులో ఒక బరువైన గొంతు వినిపించేది. ఆ గొంతు మనిషి ఎక్కడా కనపడడు కానీ అతనికి తెలియనిది లేదు. రైతు నాగలి పడితే ‘ఇతడు రైతు, నాగలి పట్టుకున్నాడు’ అని మనకు చెప్పేవాడు. రైతు నవ్వేవాడు. కుమ్మరి నవ్వేవాడు. నవ్వనిది ఎద్దు ఒక్కటే. ఎదురుగా మూడు కాళ్ల మీద అంత యంత్రం నిలబడి ఉన్నా ఒక్కరూ దానివైపు చూసేవారు కారు. చివర పొద్దు గుంకుతుండగా ఒక ఎడ్లబండి తెర మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. బండి కనపడగానే నేల క్లాసులో ఎవరో ఒకరు, “బండొచ్చింది, అయిపోయింది! సోడా తాగేటోడు ఇప్పుడే తాగుండ్రి!” అని కేక పెట్టేవాడు.

మేం అలాంటిది తీయకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మా సినిమాలో గొంతు ఉండకూడదు. మా కెమెరాకు చెవులే లేవు కాబట్టి ఎలాగూ ఉండదు, అయినా అది మా గొప్పే అనుకున్నాం. ఎవరికీ ఇట్లా కూర్చో, అట్లా నవ్వు అని చెప్పకూడదు. కెమెరావైపు చూసేవాళ్లను చూడనివ్వాలి. బండి అసలే వద్దు.

పోచంపల్లి పక్కన ఒక నేతపల్లెకు వెళ్లాం. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, రెండు గుంట మగ్గాలు. అన్న పెద్దమనిషి. ఆయన్ని పెదనాయినా అని, ఆయన భార్యను పెద్దమ్మా అని పిలిచాం. ఊళ్లో అందరూ చిన్నాయన అని పిలిచే తమ్ముడు మాకంటే కొంచెం పెద్దవాడు, మాటకు ముందు నవ్వే మనిషి. పెద్దమ్మ కెమెరా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“గిదేం మిషిని కొడుకా? నూలు వడుకుతదా?”

“లేదు పెద్దమ్మా. నడిచే బొమ్మలు తీస్తది,” అన్నాడు నా మిత్రుడు.

“మేం నడుస్తనే ఉన్నం గద. మళ్ల బొమ్మలెందుకు?”

మరునాడు పొద్దున్నే వాకిట్లో చిన్నాయన మగ్గానికి ఎక్కించాల్సిన పడుగుకు, అంటే నిలువు దారాలకు, గంజి పెట్టారు. వీధి పొడవునా దారాలు సాగదీసి, ఇరుగుపొరుగు మగవాళ్లు అటొకరు ఇటొకరు నిలబడి కుంచెలతో దువ్వుకుంటూ పోతుంటే చూడముచ్చటగా ఉంది. ఎండ బాగుంది. తీసుకున్నాం. అది ఆరాక చుట్టి, మగ్గం మీది పాత దారపు కొసలకు ఒక్కొక్క పోగు అతికితే గానీ చిన్నాయన మగ్గం మళ్లీ నడవదు. అంతవరకూ ఆ మగ్గం ఖాళీగానే ఉంటుంది. ఈ సంగతి నేతపల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ ఆ పొద్దున తెలిసింది. ఇది గుర్తుంచుకోండి, నేను మాత్రం మరిచిపోయినట్టు నటించాను.

లోపల పెదనాయిన మా కోసం సిద్ధంగా కూర్చున్నాడు. పెట్టెలోంచి తీసిన నల్ల కోటు వేసుకుని, తలకు రుమాలు చుట్టి, గుంటలో కాళ్లు పెట్టుకుని.

“రోజూ కోటేసుకునే నేస్తవా పెదనాయినా?” అన్నాను.

“రోజూ మీరొస్తరా?”

“అట్లగాదు, జర మామూలు బట్టలేసుకుంటె...”

“ఫోటో దిగేటోడు చినిగిన అంగీతోని దిగుతడా బిడ్డా? మీ బాపు దిగిండా?”

నేను మిత్రుడివైపు చూశాను. అతను భుజాలెగరేశాడు. “మనమే అన్నం గద మియా, ఎవ్వలకు ఏం చెప్పొద్దని.” మా నియమం మా మెడకే చుట్టుకుంది. కోటు ఉండిపోయింది.

ఇక వెలుతురు. గుంట మగ్గం ఇంటి లోపలే ఉంటుంది, ఇంటి లోపల చీకటి. పైకప్పు పెంకులు కొన్ని తీస్తే ఎండ పడుతుందని మిత్రుడు తేల్చాడు. పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నిన్న బొమ్మలన్నరు. ఇప్పుడు ఇల్లు ఇప్పుతున్నరు. పొద్దుమీకి నన్ను గిట్ల బయట పెడ్తరా ఏంది?”

“నువ్వుంటె ఇల్లు కూలిన ఫికర్ లేదు వదినా, నువ్వొక్కదానివే మోస్తవు,” అంటూ చిన్నాయన తానే కప్పెక్కాడు. పెదనాయిన నేస్తున్న బట్ట మీద దుమ్ము పడకుండా, ముందు తన ఖాళీ మగ్గం మీది పెంకులు తీసి చూద్దామన్నాడు. తీశాడు. ఎండ ఒక పట్టీలా దిగి, దారాలు దూర్చే అచ్చుకు వేలాడుతున్న పాత దారపు కొసల మీద పడింది. దుమ్ము ఆ వెలుతురులో మెల్లగా తిరుగుతోంది. సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవడానికి మిత్రుడు ఆ మగ్గాన్ని కొంచెం తీశాడు. “గిది పారేసే ముక్క,” అని నాతో చెప్పాడు కూడా. తర్వాత పెదనాయిన మగ్గం మీద దుప్పటి కప్పి, అక్కడా పెంకులు తీసి, కోటు మనిషిని తీశాం. ఆయన నేస్తూ నేస్తూ కెమెరాను చూసి నవ్వాడు. మా నియమం ప్రకారం నవ్వనిచ్చాం.

తిరిగొచ్చే దారిలో పొద్దు గుంకుతుండగా ఒక ఎడ్లబండి ఎదురైంది. నా మిత్రుడు నావైపు చూడకుండా కెమెరా తీశాడు. “ఫిల్ము మిగిలింది మియా. ఉత్తగ పోతది.”

చుట్టలు బొంబాయి పోయి, కడిగించుకుని తిరిగి వచ్చేసరికి అతని తల్లికి ఒంట్లో బాగాలేక ఊరెళ్లాడు. ముక్కలు కోసి, వరుస పెట్టి, అతికే పని నా మీద పడింది. హాస్టలు గది కిటికీ దగ్గర కూర్చుని బొమ్మలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాను. అన్నీ నవ్వులే. కోటు మనిషి నవ్వుతున్నాడు, పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని మళ్లీ తీసి నవ్వుతోంది, పిల్లలు ఇకిలిస్తున్నారు. నిజమే, వాళ్లు నవ్వారు, మేం నవ్వమనలేదు. కానీ చూస్తే అచ్చం సర్కారీ సినిమాలాగే ఉంది. గొంతు ఒక్కటే తక్కువ! బండి ముక్క కోసి పారేశాను. అప్పుడు సినిమాకు చివర లేకుండా పోయింది. పారేసిన ముక్కల్లో చెయ్యి పెడితే ఖాళీ మగ్గం దొరికింది.

పడుగుకు గంజి పెట్టే దృశ్యం మొట్టమొదట పెట్టాను, పనిలో అదే మొదటి మెట్టు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ. చిట్టచివర, నవ్వుతున్న కోటు మనిషి తర్వాత, ఖాళీ మగ్గం పెట్టాను. ఒక్క బొమ్మలోనూ అబద్ధం లేదు. దారం వాకిట్లో ఉంది కాబట్టి మగ్గం ఖాళీగా ఉంది. ఆ రెంటినీ విడదీసి సినిమాకు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెట్టేసరికి, నూలు దొరకక ఒక ఇల్లు ఎండిపోయినట్టు అయింది. తెర మీది గొంతును వెక్కిరించిన నేను గొంతు లేకుండానే అంతకంటే పెద్ద మాట అన్నాను.

ఇందులో నాటకమేమీ లేదని ముందే చాటి కాలేజీ హాల్లో ఆట వేశాం. నూలు కంట్రోలు చూసే ఒక అధికారిని ముఖ్య అతిథిగా పిలిచారు. కోటు చూసి అందరూ గొల్లున నవ్వారు. చివర మగ్గం వచ్చింది. ఆ నవ్వులు ఆగిపోయాయి. మిత్రుడు ఆ పొద్దునే ఊరినుంచి వచ్చి మొదటిసారి చూస్తున్నాడు, నా చెవిలో గుసగుసలాడాడు.

“అది వెలుతురు చూస్కునేటందుకు తీసిన ముక్క గదా?”

“మంచిగ పడ్డది గద. అందుకే పెట్టిన.”

ఆట అయ్యాక అధికారి, కెమెరా పట్టినవాడని, మిత్రుణ్ణి వేదిక మీదికి పిలిచి కరచాలనం చేసి, ఏ ఊరు, ఎవరి ఇల్లు అని అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో తెలియక అతను సంతోషంగా చెప్పాడు.

నడిచే మగ్గాన్ని బట్టి నూలు ఇచ్చే కాలమది. ఆ ఇంటికి రెండు మగ్గాల నూలు వచ్చేది. సినిమాలో ఖాళీ మగ్గం చూసిన అధికారి ఒక మగ్గానికి నూలు ఆపించాడు. కొన్ని వారాలకు చిన్నాయన హాస్టలు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడు నవ్వలేదు.

“మా మగ్గం ఉత్తగున్నదని సర్కారుకు చెప్పిందెవరయ్యా? పడుగు వాకిట్ల ఉంటె మగ్గంల ఏముంటది? పిల్లి పంటదా?”

గదిలో మేం ముగ్గురమే. మిత్రుడు నావైపు చూశాడు. నేను నా చెప్పులవైపు చూశాను.

“బొమ్మ తీసింది నేనే అన్నా,” అన్నాడు మిత్రుడు.

“ఇల్లిప్పితె ఊకున్నం. ఇప్పుడు కడుపు మీద కొడితివి గదా తమ్మీ,” అని చిన్నాయన మెట్లు దిగి పోయాడు.

మేమిద్దరం ఆ అధికారి దగ్గరకు వెళ్లాం. ఆయన చల్లగా, ఉర్దూలో, మీ సినిమాలో నాటకమేమీ లేదని మీరే కదా చెప్పారు, ఇప్పుడు బొమ్మ అబద్ధమంటారా అని అడిగాడు. మిత్రుడు అన్నాడు: “బొమ్మ నిజమే సాబ్. దాని జాగా తప్పు.” ఆ జాగాలో పెట్టిందెవరని ఆయన అడిగాడు. మిత్రుడు మళ్లీ నావైపు చూశాడు. నేను గోడమీది గడియారం చాలా శ్రద్ధగా చూశాను. ‘మా తప్పే’ అన్నాడతను. మళ్లీ తనిఖీ అయ్యి, రెండో మగ్గం నూలు తిరిగి రావడానికి నెలలు పట్టింది. అప్పటికే చిన్నాయన షోలాపూర్ మిల్లుకు రైలెక్కేశాడు. ఇంట్లో మగ్గం నిజంగానే ఖాళీ అయింది. నా బొమ్మ నిజమైంది.

దండ వేయించుకున్న సభ తర్వాత ముందుగా మహబూబ్‌నగర్ వెళ్లాను. మిత్రుడు అక్కడ వకీలు. నేను నానా తిప్పలు పడి విషయం మొదలుపెడితే ఫైలు మూసి నవ్వాడు.

“నాకు చెప్పుతున్నవా? అతికింది నువ్వని నాకు తెల్వదా? ఆనాడు హాస్టల్ల నువ్వు నోరిప్పుతవని ఆగి ఆగి, గప్పుడు నేనన్న.”

“మరి ఇన్నేండ్లు నన్నొక్క మాట అనకపోతివి.”

“నువ్వు చెప్పే మాట నేనెట్ల చెప్తనయ్యా? నాకు గాదు, ఆడికి పోయి చెప్పు. ఆ పెద్దమ్మ ఇంట్ల అన్నం తినాల్నని నాకు మనసున ఉన్నది. ఆ దినం సంది ఆ గడప తొక్కలే.”

పల్లెకు పోయాను. పెదనాయిన ఎప్పుడో కాలం చేశాడు. పెద్దమ్మ బాగా వంగిపోయింది. చిన్నాయన మిల్లులో దుమ్ము పీల్చి, దగ్గుతో తిరిగొచ్చి, మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. నేనెవరో చెప్పగానే పెద్దమ్మ గుర్తుపట్టి పీట వేసింది.

“నువ్వు మంచిగున్నవా బిడ్డా? గా కెమెరా పిలగాడు ఏడున్నడు? మా మరిది బతుకుల మన్ను పోసి మళ్ల మొకం సూపకపాయె.”

చిన్నాయన అడ్డం దారం తీసుకెళ్లే నాడె ఆపాడు. నేను పీట మీద కూర్చోలేదు.

“ఆయన గాదు పెద్దమ్మా, నేను. ఆయన వెలుతురు చూస్కునేటందుకు తీసి, పారెయ్యమన్నడు. పారెయ్యకుంట సినిమా చివరకు నేనే అతికిన. మీ పడుగు వాకిట్ల ఉన్నదని తెలిసే అతికిన.”

పెద్దమ్మ మరిదివైపు చూసింది. అతను చాలాసేపు దగ్గి, నోరు తుడుచుకున్నాడు.

“తెలిసెనా? మరి ఆ దినం నీ రూంల నిలవడి అడిగితి గదా. గిది అప్పుడెందుకు చెప్పకపోతివి?”

“పేరొస్తాందని ఆశపడ్డ అన్నా. నువ్వడిగినంక భయపడ్డ. ఆయన మీద పడుతుంటె పడనిచ్చిన. నువ్వు ఇల్లిడిచి పోయింది నా వల్ల, ఆయనకు ఈ గడప దూరమైంది నా వల్ల. తప్పు నాది. మాఫ్ చెయ్యిమని అడిగేటందుకు గూడ మొకం లేదు, అయినా అడుగుతున్న. మాఫ్ చెయ్యి అన్నా.”