లూపే వాళ్ల నాన్న చెక్కిన కోరుపీట

పదకొండేళ్లుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మేం దేశం దాటి వచ్చి స్థిరపడ్డ హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో నేనూ లూపే కలిసి పనిచేసేవాళ్లం. ఆమెది పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులు. వాళ్ల నాన్న ఒకే దుంగలోంచి చెక్కిన కొబ్బరి కోరుపీట ఆమె దగ్గర ఉండేది. దాని మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, పీటకే ముందుకు సాగిన మెడ చివరనున్న పళ్ల ఇనుముతో కొబ్బరి కోరాలి. వినాయక చవితికి లౌజు చేద్దామని అడిగి తెచ్చుకున్నాను.

ఆ వారమే మా అమ్మాయి స్కూల్లో హెరిటేజ్ డే. ఇంటి నుంచి ఒక పాత వస్తువు తేవాలన్నారు. మా ఇంట్లో ఏముంది? మిక్సీ, కుక్కర్. పీట పంపించాను. టీచరు అడిగితే మా అమ్మమ్మదని చెప్పాను. ఎందుకు చెప్పాను? నా దగ్గర ఏమీ లేదనడానికి సిగ్గేసింది, అంతే. టీచరు మురిసిపోయి, ఈ ఏడాదంతా అద్దాల బీరువాలో ఉంచుతామంది. కింద మా ఊరి పేరు రాసి అతికించారు.

నెల తిరక్కుండానే, డ్యూటీ అయ్యాక ఏప్రన్ విప్పుతూ లూపే అడిగింది.

"ఆ పీట తెచ్చిస్తావా? నాన్న పోయారు. ఆయన చేతిపని నా దగ్గర అదొక్కటే ఉంది."

"బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయి లూపే. నానిపోయి పగిలింది. పారేశాను. సారీ."

ఆమె బెంచీ మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"వర్రీ అవకు. నువ్వు కావాలని చేయలేదు కదా."

కావాలనే చేశాను. స్కూలుకు వెళ్లి నిజం చెప్పి తెచ్చివ్వడానికి అరగంట చాలు. ఆ అరగంట సిగ్గు పడలేక, తండ్రి గుర్తుగా మిగిలిన ఒక్క వస్తువునూ ఆమెకు లేకుండా చేసి, పైగా ఆమె చేతే ఓదార్పు పొంది, అప్పుడు కూడా నోరు మెదపలేదే, నేనేం మనిషిని?

మరుసటి ఏడు లూపే ఎడ్మంటన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడో ధైర్యం చేసి స్కూలుకు వెళ్లాను. రిపేర్లప్పుడు బీరువా ఖాళీ చేశారట. పీట ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

పోయిన క్రిస్మస్‌కీ లూపే మెసేజ్ పెట్టింది. జవాబుగా శుభాకాంక్షలు టైప్ చేసి, దాని కింద ఇదంతా రాశాను. ఇదంతా చెరిపేసి, శుభాకాంక్షలు మాత్రం పంపాను.

ఇవాళ మళ్లీ రాశాను, లూపేకి కాదు, మీకు. చెరపలేదు.