బంతి కింద చుట్టకుదురు

కడియంలో మాది మొక్కల తోట. అంట్లు కట్టడం నా పని. పొద్దున్నే గొంతుకూర్చుని మామిడి అంట్లు మొదలుపెట్టానంటే నాకు లోకం పట్టదు. అలాంటిది, ఒకరోజు తొందరపడి సిమెంటు కుండీని నేనొక్కదాన్నే ఎత్తబోతే నడుం కలుక్కుమంది. ఆ తర్వాత మంచం దిగడమే గగనమైపోయింది.

నొప్పి కాస్త నెమ్మదించాక, రాజమండ్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పెద్ద నీలం బంతి కొనిపించింది.

"దీని మీద నిటారుగా కూర్చుని ఒక్కో కాలూ పైకి లేపండి ఆంటీ. నడుం గట్టిపడితేనే మళ్లీ కింద కూర్చుని చేసే పని. లేకపోతే కుర్చీయేనండి" అంది.

కుర్చీలో కూర్చుని పనివాళ్ల మీద అరుస్తూ బతకాలా? అరవడం నాకు బాగానే వచ్చు. కానీ వానలు పడి అంట్ల కాలం వచ్చేసరికి నా చేతిలో చాకు ఉండాలి.

ఇంటికొచ్చి బంతెక్కాను. అది నన్ను గోడ దాకా మోసుకెళ్లి దింపింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టకుదురు ఉంటుంది కదా, ఎండుగడ్డితో అలాంటిదే బంతికి సరిపడా చుట్టి తెచ్చారు.

"ఇప్పుడు కూర్చో అమ్మాయ్. ఎక్కడికి పోద్దో చూస్తాను."

ఎక్కడికీ పోలేదు. దర్జాగా కూర్చుని కాళ్లు లేపాను, చిక్కుడుకాయలు కూడా ఒలిచాను. తీరా తోటలో గొంతుకూర్చోబోతే నడుం వణికింది. ఎన్నాళ్లు చేసినా అంతే. ఏడుపొచ్చింది.

ఫిజియోథెరపీ అమ్మాయికి వీడియో కాల్ చేసి, బంతి మీద కూర్చుని చూపించాను.

"ఆంటీ, కింద అదేంటండీ?"

చెప్పాను. పగలబడి నవ్వింది. "బంతి కదులుతుంటే పడకుండా ఆపుకోవడమేనండి వ్యాయామం! మీరు చేసేది ఉత్తినే కూర్చోవడం."

పక్కనే ఉన్న అత్తగారి ముఖం చిన్నబోయింది. "మరి పడిపోతే?" అన్నారు.

"పట్టుకోడానికి మీరున్నారు కదండీ" అన్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే నేను బంతి మీద ఊగుతుంటే, ఆవిడ నా వెనక చేతులు చాచి నిలబడేవారు. నన్నూ బంతినీ కలిపి తిట్టేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఇల్లంతా ఒకటే నవ్వులు.

వానలు పడ్డాయి. మామిడి మొలకల ముందు గొంతుకూర్చుని, ఒక వరసంతా అంట్లు కట్టాను. నేల మీద చెయ్యి ఆనించకుండా లేచాను. తిరిగి చూస్తే అత్తగారు, అలవాటుగా, రెండు చేతులూ చాచి నా వెనకే ఉన్నారు.

"నేను ముట్టుకోలేదు అమ్మాయ్. నువ్వే లేచావు" అన్నారు.

చేతిలో చాకు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి ఆవిణ్ణి వాటేసుకున్నాను.