గోదావరిఖనిలో ఒక పెండ్లి కార్డు

ప్రపంచ చరిత్రలో రాజుల గురించి చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశారని నా అభిప్రాయం. ఎవరు ఎవరిని ఓడించారో పాఠ్యపుస్తకాలు ఎలాగూ వల్లె వేయిస్తాయి. ఆ పుస్తకాల్లో చోటు దొరకని మామూలు మనుషుల కథలు వెతికి నేనొక వారపత్రికకు రాస్తుంటాను. చదివేవాళ్లు తక్కువ, చదివి ఫోన్ చేసేవాళ్లు మరీ తక్కువ. అందుకే గోదావరిఖని నుంచి స్వప్న అనే స్కూల్ టీచర్ ఫోన్ చేసి మా లైబ్రరీకి వచ్చి మాట్లాడండి అనగానే, ఎందుకు ఏమిటి అని అడక్కుండా ఒప్పుకున్నాను. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. నేను ఆ మధ్య రాసిన చైనా కూలీల కథే చెప్పాలట.

శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కాజీపేటలో కొన్న ఇడ్లీలు చల్లారిపోయి ఉన్నాయి, చట్నీ మాత్రం ఘాటుగా ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మంచిర్యాలలో ఇనుప సామాన్ల వ్యాపారి. నేను చరిత్ర గురించి మాట్లాడటానికి వెళ్తున్నానంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. "గోదావరిఖనిల బొగ్గు తప్ప ఏమున్నది మేడం?" అని, పెద్దపల్లి వచ్చేదాకా బొగ్గు వ్యవహారాలే చెప్పాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

గోదావరిఖనికి దగ్గరి స్టేషన్ రామగుండం, పదకొండు కాకముందే అక్కడ దిగాను. స్వప్న వాళ్ల నాన్న స్టేషన్‌కు వచ్చారు. పేరు రాజేశం అని ఆమె ముందే చెప్పింది. బాయిలో బొగ్గు కొట్టే పనిలో చేరి, అక్కడే రిటైరైన మనిషి. ఈ ప్రాంతంలో గనిని బాయి అంటారు. స్టేషన్ బయట ఆటోలకు కొదవ లేదు. మనిషికి ఇంత అని ఎక్కించుకుంటారు, ఆటో నిండేదాకా కదలరు. ఎండాకాలం మాత్రం ఈ ఊరికి రావద్దని, రావాలనుకునేవాళ్లకు నా సలహా. దారిలో దూరంగా కనబడిన ఎర్రమట్టి గుట్టలను చూసి అడవి ఏదైనా ఉందా అని అడిగాను. "గుట్టలు గావు మేడం, ఓపెన్‌కాస్టు బాయిల తోడి పోసిన మట్టి" అన్నారాయన.

ఆయన భార్య లచ్చవ్వ నాకు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. అన్నంలోకి కోడికూర, పుంటికూర పప్పు చేసింది. మా వైపు దాన్ని గోంగూర అంటామంటే, పేరు ఏదైతేనేం పులుపు ఒకటే గదా అంటూ మళ్లీ వడ్డించింది. వచ్చే నెలలోనే స్వప్న పెండ్లి. ఆ మాటలు నడుస్తుండగా ప్రింటింగ్ ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది. చెయ్యి ఎంగిలి కావడంతో స్వప్న స్పీకర్ పెట్టింది.

"అక్కా, నీ కార్డుల తండ్రి పేరు రాజేశం అనే ఉన్నది, మేనమామ పేరు గూడ రాజేశం అనే ఉన్నది. ఏదో ఒకటి తప్పు పడ్డట్టున్నది. ఏది తీసేయాలె?"

సాయంత్రంలోగా చెప్తానని స్వప్న ఫోన్ పెట్టేసింది. రాజేశం గారు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

రెండూ తప్పు కావని ఆ తర్వాత స్వప్నే చెప్పింది. రాజేశం అసలు ఆమె మేనమామ పేరు. ఎప్పుడో బాయి పనికి పిలుపు వచ్చింది ఆయనకే. మొదటి రోజు దిగి, ఆ చీకటికి జడుసుకుని పైకొచ్చి, ఇక దిగనని ఒట్టేసుకున్నాడు. వచ్చిన పని పోగొట్టుకోవడం ఎందుకని ఆయన పేరు మీద చెల్లెలి మొగుడు లింగయ్య దిగాడు. ఆ లింగయ్యే నన్ను స్టేషన్ నుంచి తీసుకొచ్చిన మనిషి. ఆ రోజుల్లో ఇలా మారుపేర్లతో చేరినవాళ్లు ఈ బొగ్గు బెల్టులో చాలామంది ఉన్నారట. మేనమామ మంచిర్యాల వైపు జైపూర్ దగ్గర పల్లెలో తన పేరుతో తాను వ్యవసాయం చేసుకుంటున్నాడు. లింగయ్య గారు మాత్రం రిటైరైనా రాజేశంగానే ఉండిపోయారు. అసలు పేరు బయటపడితే పింఛను ఆగుతుందేమోనని ఆయన భయం. ప్రెస్‌కు రాజేశం అనే రాసిచ్చినా, కార్డులో తండ్రిగా ఏ పేరు వేయాలన్నది తేలక ఇంట్లో నెల రోజులుగా సరిగ్గా మాటల్లేవు. చైనా కూలీల కథే ఎందుకు చెప్పమందో నాకప్పుడు అర్థమైంది. నన్ను పిలిచింది లైబ్రరీ కోసం కాదు, వాళ్ల నాన్న కోసం. ముందే చెప్పనందుకు కొంచెం కోపం వచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరి స్నానాలు చేసి వచ్చేసరికి నాలుగు దాటింది. లైబ్రరీలో కుర్చీలు సరిపోయాయి. ఎక్కువమంది రిటైరైనవాళ్లే. నేను కథ మొదలుపెట్టాను. వందేళ్లకు ముందు చైనా కూలీలను అమెరికా రానిచ్చేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి, మంటల్లో పుట్టుక రికార్డులన్నీ కాలిపోయాయి. అప్పటికే అక్కడున్న చైనావాళ్లు కొందరు, మేం ఇక్కడే పుట్టాం, మా కొడుకులు చైనాలో ఉన్నారని రాయించారు. అక్కడ పుట్టినవాళ్ల పిల్లలను మాత్రం రానిచ్చేవారు. లేని కొడుకుల పేర్లున్న కాగితాలు కొనుక్కుని వేరేవాళ్ల పిల్లలు ఓడలెక్కారు. తమది కాని ఊళ్లో ఇంటికి ఎన్ని కిటికీలో, బియ్యం గాదె ఏ మూల ఉంటుందో బట్టీ పట్టి అధికారులకు ఒప్పజెప్పారు. కొనుక్కున్న ఇంటిపేరుతోనే బతికారు, పిల్లల్ని కన్నారు. తర్వాత ఎప్పుడో, నిజం ఒప్పుకోండి అని సర్కారు అడిగినా చాలామంది భయంతో నోరు విప్పలేదు.

వెనక వరసలో లింగయ్య గారు లేచి నిలబడ్డారు. "సచ్చినంక సమాధి మీద ఏ పేరు రాసిండ్రు మేడం?" అని అడిగారు.

చాలా రాళ్ల మీద రెండూ ఉంటాయని చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం పేరు, పక్కనే చైనా లిపిలో అసలు పేరు. అధికారులకు ఒకటి, అయినవాళ్లకు ఒకటి. కథ అయిపోయినా ఎవరూ వెంటనే లేచి వెళ్లలేదు. తమను పోలిన మనుషులు సముద్రాల అవతల ఉన్నారని తెలిస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. ఇలాంటి చిన్న కథలు నన్ను పట్టుకుని వదలకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను.

ఇంటికొచ్చాక స్వప్న అదే ఉపాయం చెప్పింది. కార్డుకు ఒక వైపు ఇంగ్లీషు, ఒక వైపు తెలుగు ఎలాగూ ఉంటాయి. ఇంగ్లీషులో రాజేశం, తెలుగులో లింగయ్య అని వేయిద్దాం అంది. లింగయ్య గారికి నచ్చినట్టే ఉంది. లచ్చవ్వ మాత్రం చేస్తున్న పని ఆపింది.

"వాళ్లు సచ్చినంక రాయి మీద రాసుకున్నరు. మనం బతికే ఉన్నం గదా. ఇన్నేండ్ల సంది ఈ వాడల నన్ను రాజేశం పెండ్లాం అంటున్నరు. రాజేశం నా తోడవుట్టినోడు. పిలిస్తె పలుకుడే గని, ఒక్కనాడన్న నాకు మంచిగ అనిపియ్యలే."

"ఆఫీసోళ్లు చూస్తె ఎట్ల?" అన్నారు లింగయ్య గారు.

"చూడనియ్యి. కార్డు ఆఫీసుకు ఇస్తున్ననా, అక్షింతలు ఏసెటోళ్లకు ఇస్తున్న."

లింగయ్య గారు స్వప్న ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లారు. "రెండు దిక్కుల తండ్రి పేరు లింగయ్య అని రాయి. రాజేశం మేనమామే, అది అట్లనే ఉంచు" అనడం లోపలికి వినబడింది. లింగయ్య ఎవరని ప్రెస్ అతను అడిగినట్టున్నాడు. ఆయన కాస్త ఆగి, "నేనే" అన్నారు.

ఆదివారం పొద్దున మళ్లీ ఆటో, మళ్లీ అదే రామగుండం స్టేషన్. వద్దన్నా లింగయ్య గారు వెంట వచ్చారు. రెండు రోజుల్లో నేను ఈ ఊళ్లో చూసింది ఒక స్టేషన్, ఒక లైబ్రరీ, ఒక ఇల్లు. చరిత్ర రాసుకునేవాళ్లకు అది చాలనిపించింది. ప్లాట్‌ఫాం మీద చాయ్ తాగుతుంటే ఒకాయన "ఏం రాజేశం" అంటూ దగ్గరికొచ్చాడు. పేరు వెంకటి అని, ఇరవై ఏళ్లకు పైగా ఒకే షిఫ్టులో, ఒకే చోట పని చేశామని లింగయ్య గారు పరిచయం చేశారు. అప్పుడే నా రైలు దూరంగా కనబడింది.

"బిడ్డ పెండ్లి పెట్టుకున్న, కార్డు ఇస్త" అన్నారు లింగయ్య గారు. "దాంట్ల తండ్రి పేరు లింగయ్య అని ఉంటది. పరేషాన్ గాకు, అది నేనే."

వెంకటి చేతిలోని చాయ్ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "మరి నా కార్డు మీద పోచయ్య అని రాయి" అన్నాడు.

లింగయ్య గారు నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. "ఇంటిపేరు గూడ చెప్పు, మంచిగ రాస్త" అన్నారు.