ఆందోళన అసలు లేదు

మా డైరెక్టరు గారి తెలుగు చాలా గొప్పదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మందుల పరిశోధనలో తలమునకలై ఉండి కూడా భాషను అంతగా ప్రేమించిన మనిషి ఇంకొకరు లేరని ఆయన పదవీ విరమణ సభలో ఒకరి తర్వాత ఒకరు లేచి పొగిడారు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ గొప్ప తెలుగే నా మందును చంపిందని చెప్పి ఉండేదాన్ని. అడగలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నేను కిరండూల్‌లో పుట్టాను. మా నాన్న కోస్తా నుంచి ఇనుప గనిలో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. అమ్మది భద్రాచలం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో హల్బీ. ఏ మాట ఏ భాషదో పిల్లలం పట్టించుకునేవాళ్లం కాదు. ‘ఆందోళన’ అన్న మాట మాత్రం బాగా గుర్తుంది. ఆందోళన అంటే నాన్న డ్యూటీకి పోని రోజు. గని గేటు ముందు టెంటు, మైకు, జిందాబాదులు, మధ్యాహ్నం అందరికీ పులిహోర. “రేపు ఆందోళనంట” అని అమ్మ పక్కింటావిడతో అంటే మాకు పండగే. హిందీలో ఆ మాటకు అదొక్కటే అర్థం, బస్తర్‌లో ఏ తెలుగువాడి నోట విన్నా అదే అర్థం. మనసులో పుట్టే దిగులుకూ ఆ పేరు ఉందని పెద్దయ్యాక పుస్తకాల్లో చూసి తెలుసుకున్నాను. దానికి మా అమ్మ వాడే మాట వేరు. గుండె దడదడలాడి, అన్నం సయించక, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే రోజుల్లో అమ్మ “బుగులయితంది” అనేది. నాన్న ఆ మాటకు నవ్వేవాడు.

చదువు ముగించి హైదరాబాదులో ఒక మందుల సంస్థ పరిశోధనశాలకు ఇంటర్వ్యూకి వెళ్లాను. డైరెక్టరు గారు నా కాగితాలు చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

“బస్తరా! మీ వైపు ఎలుకల్ని కాల్చుకు తింటారటగా. ఇక్కడ వాటి మీద ప్రయోగాలు చేయాలమ్మాయీ, పొరపాటున వండేసేవు సుమా.”

గది గదంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు నాకంటే పెద్ద కుర్చీల్లో ఉన్నారు. ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చినందుకు ఆ నవ్వును మరిచిపోవాలని చాలామంది సలహా కూడా ఇచ్చారు. ఆ సలహా ఇచ్చిన వాళ్ల ముఖాలు సైతం నేను మరిచిపోలేదు.

నా పని నొప్పి, భయం. ఏళ్ల తరబడి నొప్పి పడుతున్న మనిషికి భయం పెరుగుతుంది, భయపడే మనిషికి నొప్పి పెరుగుతుంది. రెంటినీ ఒకే మాత్రతో తగ్గించవచ్చా అన్నది నా ప్రశ్న. నొప్పి తగ్గిందో లేదో వెచ్చని పలక మీద ఎలుక పాదం ఎంతసేపటికి ఎత్తుతుందో చూస్తే తెలుస్తుంది. భయానికి నేల నుంచి ఎత్తుగా, కూడిక గుర్తులా నాలుగు దారులున్న బల్ల ఉంటుంది. రెండు దారులకు గోడలు, రెండింటికి ఉండవు. భయపడ్డ ఎలుక గోడల మధ్యే నక్కుతుంది. భయం తగ్గితే బయటి దారిలోకి వచ్చి అంచు మీంచి కిందికి తొంగి చూస్తుంది. నా మందు తీసుకున్న ఎలుకలు తొంగి చూశాయి. పాదం కూడా ఆలస్యంగా ఎత్తాయి. ఎలుకను ఏమీ అడగక్కరలేదు. అందువల్లే కావచ్చు, ఎలుకలున్నంత కాలం మా డైరెక్టరు గారు దేన్నీ పాడుచేయలేకపోయారు.

మనుషుల మీద పరీక్షించే దశ వచ్చింది. నొప్పికి మందులు ఇప్పటికే బోలెడున్నాయి, కాబట్టి భయం కూడా తగ్గిందని చూపిస్తేనే దీన్ని ముందుకు తీసుకెళతామని సంస్థ తేల్చి చెప్పింది. రోగుల్లో ఎక్కువ మంది దోర్నపాల్ దగ్గర ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి నుంచి వచ్చేటట్టు ఏర్పాటైంది. ఆ చోటు చూపించింది నేనే. నడుము నుంచి కాల్లోకి దిగే నొప్పితో ఏళ్లుగా పొలం పనులు చేస్తున్న ఆడవాళ్లు ఆ చుట్టుపక్కల ఎందరో. వాళ్లకు తెలుగు వచ్చు, డోర్లీ వచ్చు, హిందీ వచ్చు. రోగుల్ని అడగాల్సిన ప్రశ్నల్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని మాత్రం డైరెక్టరు గారు ఎవరికీ ఇవ్వలేదు. తానే స్వయంగా చేశారు. చేసి, మా అందరినీ కూర్చోబెట్టి, రాగం తీసి చదివి వినిపించారు.

మొదటి వారం నేను ఆ ఆసుపత్రికి వెళ్లాను. నోరు మెదపకూడదన్న షరతు మీద గది మూలన కూర్చోనిచ్చారు. ప్రశ్నలు అడిగేందుకు హైదరాబాదు నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. ఎదురుగా ఎర్రబోరు వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు ఆవిడ, పక్కన ఆవిడ భర్త.

“గడిచిన వారంలో మీరు ఎంత తరచుగా ఆందోళనకు గురయ్యారు?”

ఆవిడ తలుపు వైపు చూసింది. “ఆందోళనా? లేదు సార్. మా ఊర్ల ఎవరు చెయ్యలే.”

“మీ సంగతి చెప్పండమ్మా. కొంచెం కూడా లేదా?”

“అయ్యో, నేనెందుకు చేస్త? నేను ఇంట్లనే ఉన్న.”

భర్త లేచి నిలబడ్డాడు. “సాబ్, మేం దాని జోలికే పోం. సంతకు పోయినం, వచ్చినం, గంతే. కావాలంటే సర్పంచిని అడగండ్రి.”

ఉద్యోగి ‘అసలు లేదు’ దగ్గర టిక్కు పెట్టాడు. “ఆందోళన వల్ల రాత్రులు నిద్ర పట్టలేదా?”

“లేదంటే మళ్ల గదే అడుగుతడేంది ఈ సారు!” అని ఆవిడ మొగుడితో గొణిగింది. పైకి మాత్రం, “మంచిగ నిద్ర పడతది సార్” అంది. ఇంకో టిక్కు.

బయట వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. “అక్కా, బుగులు అయితదా నీకు?” అని అడిగాను.

“బుగులా!” అని నా వైపు పూర్తిగా తిరిగింది. “అది లేనిదెప్పుడు? రోడ్డు మీద బండి ఆగిన చప్పుడైతే చాలు, కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితది. నిద్రేడిది? నడుం గుంజుతుంటది, ఇది దడదడ కొట్టుకుంటది.” గుండె మీద అరచేయి వేసి చూపించింది. “దీనిక్కూడ గోలీ ఉంటదా?”

“ఉంటుందేమో చూద్దామనే వచ్చాం.”

“మరి గా సారు బుగులు సంగతే అడగడాయె!” అంది మొగుడు.

అదే రోజు డైరెక్టరు గారికి ఫోన్ చేసి, ఇక్కడ ఆందోళన అంటే ధర్నా, రాస్తారోకో అని, చేశామని ఒప్పుకుంటే పోలీసులు పట్టుకుపోతారని వాళ్ల భయమని, బుగులు అని అడగాలని చెప్పాను.

“బుగులా?” అని ఆ మాటను చీమిడి ముక్కు చీదినట్టు పలికారు. “అది భాషేనా అమ్మాయీ? నిఘంటువు తెరువు. ఆందోళన అంటే మనసు చలించడం. ఎంత అందమైన మాట!”

“అందంగానే ఉంది సార్, వాళ్లకు వేరేగా అర్థమవుతోంది.”

“అది వాళ్ల అజ్ఞానం. వాళ్ల అజ్ఞానానికి నేను నా భాషను దించాలా?”

“మీరు దిగక్కర్లేదు సార్, ఆ ఒక్క మాట మారిస్తే చాలు.”

“మధ్యలో ప్రశ్న మారిస్తే శాస్త్రం చెడుతుంది. ఆమాత్రం తెలియదూ!”

మధ్యలో మార్చడానికీ పద్ధతి ఉంది. కారణం చూపితే పరీక్షను పర్యవేక్షించే కమిటీ ఒప్పుకుంటుంది, దానికి కావలసింది ఆయన సంతకం. నేను కమిటీకి రాశాను, ఆయన పైవాళ్లకు రాశాను, జవాబు రానప్పుడల్లా మళ్లీ రాశాను. పరిశోధనశాలలో నా పేరు ‘బుగులు’ అయింది. కాంటీన్‌లో నేను ట్రే పట్టుకుని వస్తే “బుగులొచ్చింది, జరగండ్రా” అనేవాళ్లు. ఆ మాట పలకడం వాళ్లకు చక్కగా వచ్చేది, ప్రశ్నలో పెట్టడమే రాలేదు.

పరీక్ష ముగిసింది. ఫలితాల సమావేశంలో డైరెక్టరు గారు తెర మీద గీతలు చూపించారు. నొప్పి తగ్గింది. బస్తర్ కేంద్రం దగ్గరికి వచ్చేసరికి భయాన్ని కొలిచే గీత నేలకు అంటుకుపోయి ఉంది. మొదటి రోజూ సున్నా, చివరి రోజూ సున్నా. సున్నా నుంచి ఏ మందైనా ఏం తగ్గిస్తుంది?

“అడవిలో హాయిగా బతికేవాళ్లకు చింతలేముంటాయండీ!” అన్నారాయన. “చెట్టు నీడ, ఇప్పసారా. మనమే వెళ్లి వాళ్ల దగ్గర మందు తీసుకోవాలి!”

హాలంతా నవ్వింది. అదే నవ్వు, ఎలుకల నాటిది. నేను లేచి, వాళ్లను వాళ్ల భయం గురించి ఎవరూ అడగలేదని, సమ్మెలు చేశారా అని అడిగారని చెప్పాను.

“కూర్చోమ్మా, టీ చల్లారిపోతుంది” అన్నారు.

కూర్చోలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. ఒక్కరూ రాసుకోలేదు. భయం మీద పనిచేయదని తేల్చి మందును పక్కన పెట్టేశారు. ఆయన మాత్రం పరిశోధనలో మాతృభాష వాడకం గురించి అక్కడా ఇక్కడా ప్రసంగాలిచ్చి శాలువాలు కప్పించుకున్నారు. నాకు తెలిసి, ఏ ప్రసంగంలోనూ దోర్నపాల్ పేరు రాలేదు.

ఉద్యోగం వదిలి ఇప్పుడు జగదల్‌పూర్‌లో కాలేజీ పిల్లలకు మందుల పాఠం చెబుతున్నాను. ఒక్క మనిషి మాట రుజువు కాదని మొదటి క్లాసులోనే చెబుతాను. అది నాకు తెలుసు. అయినా మొన్న సుక్మా మీదుగా దోర్నపాల్ వెళ్లినప్పుడు సంతలో జరిగింది రాయకుండా ఉండలేను.

చింతపండు బుట్ట ముందు కూర్చున్న ఆవిడ నన్ను ముందుగా గుర్తుపట్టింది. ఎర్రబోరు ఆవిడ. పరీక్షలో సగం మందికి ఉత్త మాత్రలు, సగం మందికి అసలు మందు ఇచ్చాం. అంతా ముగిసి ఎవరికి ఏది ఇచ్చామో బయటపెట్టినప్పుడు ఈవిడ కోసమే చూశాను. ఈవిడకు అందింది అసలు మందే.

“అక్కా, అప్పటి తెల్ల గోలీ ఉందా?” అని అడిగింది.

“లేదు. ఆపేశారు.”

“ఇప్పుడు ఆసుపత్రిల వేరేది ఇస్తున్నరు. అది నొప్పే తీస్తది. గా తెల్లదైతే బుగులు గూడ తీసింది. ఎందుకు బంద్ చేసిన్రు?”

“మీకు బుగులే లేదని తేల్చారు.”

“మాకా?” బుట్ట మీది చేయి తీసేసింది. “మమ్మల్ని అడగకుంటనే?”

“అడిగారు. లేదని నువ్వే చెప్పావు.”

“నేనెప్పుడు చెప్పిన?” అంతలో గుర్తొచ్చింది. “గా సారు అడిగింది ఆందోళన గదా అక్కా!”

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపు, వెనక కొట్ల వైపు, ఆగి ఉన్న మోటారు సైకిళ్ల వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“బజార్ల ఆ మాట తియ్యకు,” అంది. “మేం చెయ్యలే. ఎవరన్న అడిగితే నువ్వు గూడ గదే చెప్పు.”

అమ్మకం సగంలోనే బుట్ట మీద గుడ్డ కప్పేసి లేచింది. ఆ బుగులు మా డైరెక్టరు గారి లెక్కలో సున్నా.