గోలీకి రావలసిన కార్జం

"దానికి కార్జమేటి పిన్నీ? చేతిలో పడ్డ బంతిని వదిలేసినదానికి కార్జం ఒకటా?"

"వదిలేసింది టీవీలో ఉన్న పిల్ల. ఈ వాడకి గోలీ నా మనవరాలు. దీని వాటా దీనికి పెట్టు."

"గెలిస్తే గోలీకి కార్జం. ఓడిపోతే ఏటుంటాది? బొమికలు కూడా లేవు."

"ఓడిపోతే ఏటీ లేనప్పుడు నువ్వేల వాటాలేస్తన్నావు? కత్తి కింద పడీసి ఇంటికి పో."

మా ఎదురింటి ఆటో అతనికీ నాకూ నడివీధిలో జరిగిన తగువు ఇది. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. అతను గోనెపట్టా పరుచుకుని ఖాసీ మేక మాంసం వాటాలు వేస్తున్నాడు. ఇంటికొక కుప్ప చొప్పున ఆకుల మీద పెట్టేడు. లివరంటారే, ఆ కార్జం ఒక్కటీ దొప్పలో విడిగా ఉంది. చుట్టూ వాడ జనం గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

నా మనవరాలు కుళాయి దగ్గర ఖాళీ బిందెతో నిలబడి అన్నీ వింది. దానికి పదిహేనేళ్ళు. బిందె కింద పెట్టి వచ్చి, "నాకు కార్జం వద్దు, ఏటీ వద్దు. నేను రేపు కొరాపుట్ ఎల్లను మామ్మా" అంది.

మర్నాడు కొరాపుట్‌లో ఆటల హాస్టలుకి ఆడపిల్లల్ని ఎంచుతారు. బంతాటలో గోలు ముందర నిలబడే పిల్లలు ఇద్దరే కావాలట. చాలా ఊళ్ళ నుంచి వస్తారు. స్కూలు ఆటల మేడం దీని పేరు పంపింది. పొద్దున్నే రైలు. వచ్చే ఏడాదికి దీని వయసు దాటిపోతుంది కాబట్టి, ఈసారి వెళ్ళకపోతే ఇంక వెళ్ళడం లేదు. రెండు నెలల బట్టి ఆ రోజు కోసం చెప్పుల్లేని కాళ్ళతో కూడా పరుగులు తీసింది. అలాంటి పిల్ల వెళ్ళనంది.

ఆ మాట దాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

మాది ఒడిశా రాయగడలో మునిసిపాలిటీ పనివాళ్ళ వాడ. నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఊరి వీధులు ఊడ్చేను. మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పక్కిళ్ళలో ఒడియా వాళ్ళున్నారు, కొండల నుంచి దిగొచ్చిన వాళ్ళున్నారు. ఎవరెక్కడి వాళ్ళమైనా బంతాట దగ్గర అందరం ఒకటే. కోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్ళలో పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకి ఖాసీ ఇస్తారు, అంటే బాగా బలిసిన విత్తులు కొట్టిన మేకపోతు. ఆఖరి ఆటలో ఓడిన జట్టుకి ఇంకో చిన్న ఖాసీ. ఆట మొదలవక ముందే దాని మెడలో కాగితం పూల దండేసి, ఆడేవాళ్ళకి కనిపించేలా మైదానం మూల కట్టేస్తారు. గెలిచినవాళ్ళు దాన్ని భుజాల మీద ఎత్తుకుని, డప్పులతో ఊరికి తెచ్చుకుంటారు. మా వాడ వాళ్ళు తెస్తే కార్జం గోలీది. గోలు కాసే మనిషినే మేం గోలీ అంటాం. ఎప్పుడో మా జట్టు గెలిచినప్పుడు ఆ మనిషి దెబ్బలకి మోచేతులు చీరుకుపోయి ఉంటే, పెద్దాయన ఒకాయన కార్జం తీసి అతని చేతిలో పెట్టేడట. అప్పట్నుంచీ అదే కట్టుబాటు.

మా పిల్ల గోలీ అయిందీ నా వల్లే అంటుంది. పనిలో ఉన్నప్పుడు నాకు రబ్బరు తొడుగులు ఇచ్చేవారు. అరిగిపోతాయని నేను వట్టి చేతులతోనే చెత్త ఎత్తి, వాటిని దాచేదాన్ని. అవి తొడుక్కుని ఇది గోడకేసి బంతి కొట్టి పట్టుకునేది. కొత్త తొడుగులు పాడుచేస్తోందని నేను ఎన్నిసార్లు తిట్టేనో లెక్కలేదు. బంతాట అంటే నాకు అరిగిన బూట్లు, చిరిగిన మోకాళ్ళు, పైగా ఆ ఆకలికి ఇంకో గుప్పెడు బియ్యం. వద్దని చానాసార్లు అన్నాను. వద్దన్నా మానలేదు కాబట్టి ఊరుకున్నాను.

తగువు జరిగిన రోజే మన దేశం ఆడపిల్లల జట్టు పక్కదేశం జట్టుతో ఆఖరి ఆట ఆడింది. మన ఆడపిల్లలు అంత దూరం రావడం మా వాడ వాళ్ళకి ఇంట్లో పెళ్ళిలా ఉంది. ఆటో అతను పొద్దున్న వచ్చిన పెళ్ళి కిరాయి వదిలేసుకుని, టీవీ తెచ్చి అరుగు మీద పెట్టి, పైన టార్పాలిన్ కట్టేడు. నా కొడుకు నీళ్ళ టాంకరు పని ఇంకొకడికి అప్పచెప్పి వచ్చేడు. ఆడవాళ్ళు మధ్యాహ్నానికే గిన్నెలు తోమేసుకున్నారు. అందరూ కలిసి ముందు రోజే ఒక ఖాసీని కొనుక్కొచ్చి, దండ వేసి, టీవీ పక్కన స్తంభానికి కట్టేరు. మైదానంలో కడతారు కదా, అలాగే. అక్కడే పొరపాటు చేసేం. మైదానంలో ఇద్దరిలో ఎవరు గెలిచినా దాన్ని తోలుకుపోతారు. ఇక్కడ మనవాళ్ళు ఓడితే దాన్ని ఎవరు తోలుకుపోవాలి? ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు. పనస ఆకులు నేనే వేసేను దానికి.

నేను ఓ మూల కూర్చుని కొండచీపుర్లు కడుతూ చూసేను. ఊరికే కూర్చుని చూడడం నాకు చేతకాదు. నా మనవరాలు అందరికన్నా ముందు, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. మనవాళ్ళొక గోలు, వాళ్ళొక గోలు కొట్టేరు. ఆట అయిపోయినా తేలలేదు. అప్పుడు గోలీ ఒక్కత్తినే నిలబెట్టి, ఒకరి తరవాత ఒకరు వచ్చి కొట్టడం మొదలెట్టేరు. మన గోలీ రెండు ఆపింది. రెండోది ఆపినప్పుడు మేం మావుసీ అని పిలిచే పక్కింటి ఒడియా ఆవిడ నన్ను వాటేసుకుంది, నా చీపురు విడిపోయింది.

ఆఖరి బంతి సూటిగా దాని చేతుల్లోకే వచ్చింది. పట్టుకుంది కూడా. పట్టుకున్నది పొట్ట కింద నుంచి జారి, కోడిపిల్ల గుమ్మం దాటినట్టు నెమ్మదిగా గీత దాటింది. అది వెనక్కి తిరిగి చెయ్యి చాపేలోపు అయిపోయింది.

వాడలో మొదటి మాట నాదే.

"దీని చేతులిరిగిపోను! అన్నం తినే చేతులేనా అవి?"

నేనన్నాక అందరికీ నోళ్ళు వచ్చేయి. ఒకడు దాన్ని పొలంలో దిష్టిబొమ్మగా పెట్టమన్నాడు. ఒకామె దాని తల్లిని అంది. ఆటో అతను టీవీ నెత్తిన ఒక్కటి కొట్టి కట్టేసేడు. కట్టేసే ముందు నేను చూసేను: మిగతా పిల్లలంతా గడ్డి మీద కూలబడి ఏడుస్తుంటే, ఆ గోలీ ఒక్కత్తీ గోలు స్తంభం పక్కన నిలబడి, చొక్కా పైకి లాగి ముఖం కప్పుకుంది. దాని దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

తిట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తిడుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. బుగ్గల మీద పిల్లల చేత వేయించుకున్న మూడు రంగులూ కారిపోయి, నా కొడుకు ముఖం వానలో తడిసిన గోడలా ఉంది. వాడు నలభై ఏళ్ళ మనిషి, వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఎవరూ ఇళ్ళకి పోకుండా అక్కడే కూర్చుండిపోయేరు. ఖాసీ ఒక్కటే ఆకులు నముల్తోంది.

"దీన్నేటి చేద్దాం?" అని ఎవరో అడిగేరు.

"పక్కదేశం వాళ్ళొచ్చి తోలుకెల్తారేమో ఉండండి" అన్నాడు ఆటో అతను. ఒకరిద్దరు నవ్వేరు. నవ్వు రాగానే మనుషులు కొంచెం కదిలేరు.

ఓడినవాళ్ళం మాంసం తింటామా అని కొందరు, తిరిగి అమ్మేద్దామని కొందరు. మావుసీ తీర్పు చెప్పింది. "ఆఖరాట ఓడినోళ్ళకీ చిన్న ఖాసీ ఇస్తారు కదా. ఇది చిన్నదే అనుకోండి" అంది. ఆ మాటకి అందరూ ఒప్పుకున్నారు. ఆకలి కూడా వేస్తోంది మరి. కోసి వాటాలు వేసేదాకా బాగానే ఉంది. కార్జం దగ్గరికొచ్చేసరికి మొదట చెప్పిన తగువు లేచింది.

పిల్ల వెళ్ళనన్నాక నేను గట్టిగానే మాట్లాడేను. "ఎల్లక ఏటి సేస్తావు? ఆడెవడో ఏదో అన్నాడని కూకుంటావా?"

"ఆడు కాదు మామ్మా. ముందన్నది నువ్వు."

"నేనన్నది నిన్ను కాదు కదే అమ్మీ."

"నాలాటిదాన్నే అన్నావు. రెండు ఆపినప్పుడు దాని పేరు కూడా ఎవులూ అడగలేదు. ఒకటి జారితే దాని చేతులిరిగిపోవాలా? రేపు నా చేతిలోంచి జారదా? జారితే నువ్విక్కడ కూకుని అదే మాటంటావు."

ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ నాదే. పిల్లలకి క్షమాపణలు చెప్పే అలవాటు మా అమ్మకీ లేదు, నాకూ లేదు. అది మాత్రం నా ముఖంలోకే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. ఏడుస్తూ అనుంటే కసిరి పంపేసేదాన్ని.

మా ఇంటి వాటా ఆకు నా ముందే ఉంది. ఎముకలు తక్కువ పడ్డాయి, మంచి వాటా. దాన్ని రెండు చేతులతో ఎత్తి ఆటో అతని ముందు పెట్టేను.

"నోరు ముందు జారింది నాది. మా ఇంటి వాటా తీసి అందరికీ కలిపీ."

"అమ్మా! మధ్యన మేమేటి సేసేం?" అన్నాడు నా కొడుకు.

"నువ్వూ అన్నావు. నేను విన్నాను."

మా కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆటో అతను ఆకు వంక, నా వంక మార్చి మార్చి చూసేడు. "పిన్ని మాంసం వదిలీడమా? ఈ కోసిన ఖాసీ లేచి నడుస్తాదేమో సూడండర్రా" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. కాసేపటికి అతనూ నవ్వు ఆపి, కార్జం దొప్ప తీసుకుని లేచి పిల్ల దగ్గరికి వెళ్ళేడు.

"ఇందమ్మి. నేనూ అన్నాను. అలాగని నా వాటా మాత్రం ఇవ్వను, ఇంట్లో నలుగురున్నారు."

అది అందుకోలేదు. "గెలవలేదు కదా" అంది.

"రెండు ఆపింది కదా. ఆ రెండింటికీ తీసుకో" అన్నాను నేను.

"రెండు కాదు, మూడు. ఆట మధ్యలో మూల నుంచి వచ్చింది ఒకటి ఆపింది, మీరెవులూ సూడలేదు. అప్పుడు టీ తాగుతన్నారు."

"జారింది ఏల జారింది మరి?"

నిజంగా తెలియకే అడిగేను. అది దొప్ప తీసుకుని అరుగు మీద పెట్టి, చేతులు చాపి చూపించింది. గడ్డి తడిగా ఉందట, తొడుగులూ తడిసేయట. అలాంటప్పుడు బంతిని పట్టకూడదట, పక్కకి కొట్టేయాలట. "అది పట్టుకుందామనుకుంది. బాగా అలిసిపోయుంటాది మామ్మా, నేనైనా అలాగే సేసుందును" అంది. చెబుతున్నంతసేపూ దాని చేతులు ఆగలేదు. ఇటు కొడతాను, అటు తోస్తాను అంటూ గోడకి తగిలి తిరిగొస్తున్న బంతిని చూసినట్టే చూసింది. వాటాలు పట్టుకుని వెళ్ళిపోతున్నవాళ్ళు కూడా నిలబడి విన్నారు. నాకు సగం తెలిసింది, సగం తెలియలేదు. ఆ చేతుల్ని నేను ఇన్నాళ్ళూ బిందెలు మోయడానికే చూసేను.

నేను కార్జాన్ని ఉప్పూ కారం రాసి నిప్పుల మీద కాల్చేను. మిగతావాళ్ళం చోడి అంబలి, ఎండుచేప తిన్నాం. వాడంతా మసాలా వాసన వేస్తుంటే మా కొడుకు తల ఎత్తకుండా తిన్నాడు. పిల్ల సగం కార్జం తిని, ఉప్పు తక్కువైందంది. మిగతా సగం వాళ్ళ నాన్న కంచంలో వేసింది. కొరాపుట్ సంగతి అది ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే నా కోసం వెళ్ళినట్టవుతుంది. పొద్దున్న కూడా వెళ్ళననే అంటుందేమోనని మాత్రం నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అది నీళ్ళు పోసుకుని, సంచి సర్దుకుని, గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఎదురింటి అతను ఆటో తీసేడు. స్టేషన్లో ఆటల మేడం ముందే వచ్చి ఉంది. రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. మా పిల్ల ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలేక బయటికొస్తే ఆటోకి వేరే కిరాయి దొరికింది. నేను నడిచి ఇంటికొచ్చేను.