మోటరూ బావే, బావా బావే

శాస్త్రవేత్తలకు పేర్ల కరువు ఎందుకొచ్చిందో! ఒంట్లోని కణమూ సెల్లే, టార్చిలో వేసేదీ సెల్లే, చెవికి ఆనించుకునేదీ సెల్లే. అంత చదువుకున్నవాళ్లే ఇలా ఉంటే, మెట్‌పల్లి దగ్గర పసుపు పండించుకునే నేను ఒకే పేరు రెండింటికి పెట్టి కొంప ముంచడంలో వింతేముంది? కొంప కాదు లెండి, పసుపు.

మా బావ దుబాయి పోతూ పాత సిమ్ము నాకిచ్చాడు. దాన్ని పొలంలోని మోటరు స్టార్టర్లో వేశాను. ఎవరైనా ఒక రింగిస్తే మోటరు నడుస్తుంది, ఇంకో రింగిస్తే ఆగుతుంది. నా ఫోన్లో ఆ నంబరు ‘బావ’ అనే ఉండిపోయింది, మార్చడానికి బద్ధకం. దుబాయి నంబరు కూడా ‘బావ’ అనే దాచుకున్నాను. ఏం తెలివండీ నాది!

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి వరండాలో గంతులేస్తూ, ‘బావకు ఫోన్ చెయ్యుండ్రి’ అని చుట్టాల గ్రూపులో నంబరు పెట్టాను. కాసేపటికి మా నాన్న ఫోన్. ఉడకబెట్టి ఆరేసిన పసుపుకు కళ్లంలో కావలి ఉన్నాడు. ఏడాది కష్టమంతా అక్కడే ఉంది.

“అరే, మోటర్ దానంతటదే నడుస్తాంది! కాల్వ తెగి కళ్లంలకే నీళ్లస్తున్నయ్!”

“ఫికర్ చెయ్యకు బాపూ, గిక్కడ్నుంచే బందు జేస్త.”

రింగిచ్చాను, ఆగింది. మరుక్షణం చిన్నమ్మ రింగు, నడిచింది. సుల్తానాబాద్ మామ రింగు, ఆగింది. మామ బామ్మర్ది రింగు, మళ్లీ నడిచింది!

“దయ్యం పట్టిందారా దీనికి?”

“ఫ్యూజు పీకు బాపూ!”

“డబ్బకు తాళమేసి, తాళంచెవి నువ్వే పట్టుకపోతివి గదరా!”

తాళం వేశాను, గొళ్లెం చుట్టాల చేతికిచ్చాను! ఇంతలో దుబాయి నుంచి బావ.

“బామ్మర్దీ, బిడ్డ పుట్టిందని మీ అక్క చెప్పింది. చుట్టాలు ఒక్కరన్న ఫోన్ చెయ్యలే. గంత పరాయోణ్ణయిన్నా?”

అప్పుడు వెలిగింది, గ్రూపులో నేను పెట్టింది మోటరు బావ నంబరు! గ్రూపు తెరిస్తే అన్నీ ఒకటే మాట: ‘బావ ఎత్తుతలేడు, మల్ల మల్ల కొట్టుండ్రి!’

తాళంచెవితో పొలానికి పరుగెత్తాను. పసుపు తేలుతోంది. బాపు నన్ను చూసిన చూపుకు ఏడుపొచ్చింది. వారమంతా ఇద్దరం వంచిన నడుం ఎత్తకుండా మళ్లీ ఆరబెట్టాం.

పాపను తొట్టెలలో వేసే నాడు, మేనమామను కదా అని పేరు చెప్పబోయాను.

“నువ్వు జర సప్పుడు చెయ్యకు,” అన్నాడు బాపు. “నీకు ఇడిసిపెడితే గీ పిల్లకు గూడ బావ అనే పెడ్తవ్!”

అందుకే తడిసిన పసుపుకొమ్ము పట్టుకుని ఒట్టు వేస్తున్నాను, ఇక జన్మలో ఒకే పేరు రెండింటికి పెట్టను. మోటరు నంబరును ‘మోటరు’ అని మార్చాను. బావ నంబరును ‘మోటరు కాదు’ అని.